మద్రాసు గుడ్డ పోయిన దారి

గుడ్డకు ఊరి పేరు పెట్టడం లోకంలో పాత అలవాటే. కళ్ళికోట రేవు నుంచి పోయింది కాలికో అయింది. మోసుల్ పేరు మీద మస్లిన్ వచ్చింది. మన పులికాటు నుంచి డచ్చివాళ్ళు పట్టుకుపోయిన గళ్ళ రుమాళ్ళకు యూరపులో పులికాట్ అనే పేరు స్థిరపడింది. చివరికి స్కాట్లండు మగ్గాల మీద నేసిన రుమాలును కూడా వాళ్ళు అదే పేరుతో అమ్ముకున్నారు. అయితే వీటన్నిటిలో మద్రాసు కథ వేరు. 1996లో మద్రాసు చెన్నై అయింది. కానీ అట్లాంటిక్ అవతల, కరీబియన్ దీవుల్లో, మద్రాసు ఇంకా మద్రాసే. అక్కడ అది ఊరి పేరు కాదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ళున్న నూలు గుడ్డ పేరు. సెయింట్ లూసియా, డొమినికా, ఆంటిగ్వా, మాంట్‌సెరాట్ దీవుల్లో జాతీయ దుస్తులు కుట్టేది దానితోనే. జమైకాలో అలాంటి గళ్ళ గుడ్డనే బందానా అంటారు. ఫ్రెంచివారి గ్వాడెలూప్, మార్టినీక్ దీవుల్లో ఆడవాళ్ళు పండగనాడు తలకు చుట్టుకునేది అదే.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. బి.కాం. చేసి బ్యాంకులో చేరి ముప్పై ఏళ్ళు దాటింది. మా సూలూరు చుట్టుపక్కల సోమనూరు, కరుమత్తంపట్టి పవర్‌లూమ్ వాళ్ళ ఖాతాలు చూశాను. ఎగుమతి బిల్లుల మీద మద్రాస్ చెక్స్ అన్న మాట ఎన్నోసార్లు నా సంతకం కిందుగా పోయింది. ఇన్‌వాయిస్‌లో గజాలు, ధర, బిల్ ఆఫ్ లేడింగ్‌లో తేదీ సరిపోయాయా లేదా అని చూడటమే నా పని. ఆ గుడ్డ ఎవరు కట్టుకుంటారు, దానికి ఆ పేరు ఎలా వచ్చింది అని ఏ బ్యాంకు మాన్యువల్లోనూ ఉండదు.

2024 జనవరిలో మా అమ్మాయీ, అల్లుడుగారూ మా ఇద్దరినీ వారం రోజుల ఓడ ప్రయాణానికి తీసుకుపోయారు. (బ్యాంకువాళ్ళు ఎల్.ఎఫ్.సి. మీద విదేశాలు చూసివచ్చే కాలం పోయింది గనుక ఖర్చంతా అల్లుడుగారిదే.) పోర్టోరికోలోని సాన్ హువాన్‌లో ఓడ ఎక్కితే రోజుకొక దీవి. ఒక్కో రేవులో ఎనిమిది తొమ్మిది గంటలు. ఆ గంటల్లో ఏం చూడాలో, ఎంత చెల్లించాలో ఓడలోనే కరపత్రం ఇస్తారు. గ్వాడెలూప్ రోజుకు మా అమ్మాయి ఎంచింది ప్రకృతి, షాపింగ్ కలిసిన కార్యక్రమం. ఒక చెట్ల బాట, ఒక జలపాతం, దారిలో ఒక గుడి, ఆఖర్న గంటన్నర అంగడి. వెంట గైడు ఉంటుంది. మూడు గంటలకల్లా మళ్ళీ ఓడ దగ్గర దింపుతారు. గ్వాడెలూప్ ఫ్రాన్సు దేశంలో ఒక జిల్లా లాంటిది, చెలామణి అయ్యేది యూరోయే. కానీ షెంగెన్ వీసా అక్కడ చెల్లదు. ఆ దీవులకు చెల్లే ఫ్రెంచి వీసా విడిగా కావాలి. మన పాఠకుల్లో ఎవరైనా పోదలిస్తే ఇది ముందే తెలుసుకోవడం మంచిది.

ఆ దీవి రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉంటుంది. రెక్కలు రెండూ కలిసే చోట పాయింట్-ఆ-పిత్రే రేవు. తూర్పు రెక్క గ్రాండ్-టెర్, చదునైన చెరకు నేల. పడమటి రెక్క బాస్-టెర్, కొండలు, వాన అడవి, నడుమ 1467 మీటర్ల లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం. మా బస్సు పడమటి రెక్క మీద సముద్రం పక్కనే దక్షిణానికి పోయింది. చెప్పిన నిమిషానికి బయలుదేరింది, చెప్పిన నిమిషానికి ఆగింది. మా సూలూరు పక్కన కలంగల్‌లో పుట్టి 1920లోనే పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు నడిపిన జి.డి. నాయుడుగారు చూస్తే మెచ్చుకునేవారు.

కాపెస్టెర్ అనే ఊరి దగ్గర కిలోమీటరుకు పైగా రెండు వరసల రాయల్ పామ్ చెట్లు ఉన్నాయి. అక్కడ ఫోటోలు దిగి కొండ ఎక్కాం. కార్బే జలపాతాలు మూడు. వాటిలో రెండోదాన్ని చూపిస్తారు, ఎత్తు 110 మీటర్లు. అదంతా 1989లో ఏర్పడిన జాతీయ ఉద్యానవనం. ఇరవై నిమిషాల నడక. చెట్టంత ఎత్తు పెరిగిన ఫెర్న్ మొక్కలు, బాటకు అడ్డంగా పాకిన వేళ్ళు, ఎటు చూసినా నీళ్ళ చప్పుడు. కొండచరియలు విరిగిపడ్డాక జలపాతం పాదాల దాకా పోనివ్వడం మానేశారు, కాస్త దూరంలో కట్టిన అరుగు మీద నుంచే చూడాలి. 1493లో కొలంబస్ ఈ తీరానికే వచ్చాడు. మన కోవై కుట్రాలం చూసినవాళ్ళకు చెట్లు కొంచెం తెలిసినట్టే అనిపిస్తాయి, ఎత్తు మాత్రం అనిపించదు. ప్రకృతి గురించి ఇంతకన్నా చెప్పను. చూడవలసిందే.

మా గైడు నలభై ఏళ్ళ మనిషి. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. తలకు మద్రాసు గుడ్డ చుట్టుకుంది. మీదే ఊరని అడిగితే, కోయంబత్తూరంటే ఎవరికి తెలుస్తుందని మా ఆవిడ "మద్రాసు దగ్గర" అంది. ఆమె నవ్వి తన తలగుడ్డను తాకి చూపి, "అయితే ఇది మీ ఊరిదే కదమ్మా" అంది. తన తల్లి వైపు పెద్దలు మలబా అనీ, తండ్రి వైపు కల్కత్తా అనీ చెప్పింది. ఆ దీవిలో దక్షిణాది రేవుల నుంచి దిగినవాళ్ళంతా మలబా, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళంతా కల్కత్తా. మలబారుకూ ఆ మనుషులకూ సంబంధమేమీ లేదు. చాలామంది పుదుచ్చేరి, కారైకాల్ రేవుల్లో ఓడ ఎక్కినవాళ్ళు. "మీ భాష తమిళమేనా?" అని అడిగింది. ఇంట్లో తెలుగు అన్నాను. ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. రెండుసార్లు పలికించుకుంది.

గుడి కాపెస్టెర్ దగ్గర చాంగీ అనే చోట రోడ్డు పక్కనే ఉంది. రంగురంగుల బొమ్మలతో గోపురం. లోపల దేవత మరియమ్మ, వాళ్ళ నోట మాలియెమెన్. ఆ దీవుల పూజల్లో మరియమ్మ తరువాతి పేరు మల్దెవిలెన్. రెండుసార్లు మెల్లగా పలికి చూడండి, మధురైవీరన్ వినిపిస్తాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మధురైవీరుడి కథ మన మధుర నాయకరాజుల కాలానిది. అతణ్ణి చెప్పులు కుట్టే దంపతులు పెంచారని కథ. మన కోయంబత్తూరు పల్లెల్లో ఆ వృత్తి చేసిన అరుంధతీయులు ఈనాటికీ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. అతను ప్రేమించిన బొమ్మి బొమ్మన్న నాయకుడి కూతురు. అతణ్ణి అళగర్ కొండ దొంగల మీదికి పంపిందీ, తరువాత కాలూచేయీ నరికించిందీ తిరుమల నాయకుడి కొలువు. కథలో సగం మంది తెలుగిళ్ళవాళ్ళు. పాడినవాళ్ళు తమిళంలో పాడారు. కూలీల ఓడలో ఆ దేవుడు పదివేల మైళ్ళు పోయి ఫ్రెంచి నోళ్ళలో మల్దెవిలెన్ అయ్యాడు.

మా బస్సులోవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. సెయింట్ లూసియాలో పుట్టిన కవి డెరెక్ వాల్కాట్ 1992లో నోబెల్ బహుమతి అందుకున్నప్పటి ఉపన్యాసాన్ని ట్రినిడాడ్‌లో ఫెలిసిటీ అనే ఊళ్ళో జరిగే రామలీలతో మొదలుపెట్టాడు. మొదట దాన్ని నాటకంగా చూశాననీ, ఆడేవాళ్ళకు అది విశ్వాసమని ఆ తరువాత అర్థమైందనీ అందులో ఒప్పుకున్నాడు. ఆ గుడి ముందు నాకది గుర్తుకొచ్చింది.

అంగడి పాయింట్-ఆ-పిత్రేలోని సెంట్-ఆంత్వాన్ బజారు. ఇనుప స్తంభాల మీద కట్టిన పాత మండువా. జాజికాయ, దాల్చినచెక్క, వనిల్లా కాయలు, రమ్ము సీసాలు. అమ్మేవాళ్ళంతా ఆడవాళ్ళు, అందరి మీదా ఏదో రూపంలో గళ్ళ గుడ్డ. ఒక పసుపుపచ్చని పొడి సంచి మీద కొలొంబో అని రాసి ఉంది. సిలోను నుంచి వచ్చిందా అని మా ఆవిడ వాసన చూసింది. ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, పసుపు. అది మన తమిళనాటి ఇళ్ళల్లో రోజూ వినే కుళంబు. పేరు మాత్రం ఊరి పేరులా మారింది. ఆ దీవుల్లో ఇవాళ ఎవరింటనైనా, ఏ జాతివాళ్ళయినా, ఆదివారం వండుకునే మాంసం కూర కొలొంబోయే. పక్క కొట్లో నేను గజం మీద గజం గుడ్డ తిప్పి చూశాను. ఒక మడత మీద చీటీ ఉంది, భారతదేశంలో తయారైందని. ధర చూసి మా ఆవిడ, ఇదే గుడ్డ ఒప్పనక్కార వీధిలో ఇందులో అయిదో వంతుకు వస్తుందంది. అయినా మూడు గజాలు తీసుకున్నాను.

తిరిగి వచ్చాక నేను చదివి పోగుచేసుకున్నది ఇక చెబుతాను.

మద్రాసు పుట్టిందే గుడ్డ కోసం. ఇంగ్లీషు కంపెనీకి 1611 నుంచి మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఫ్రాన్సిస్ డేకి దక్షిణాన ఒక ఇసుక తీరం ఇచ్చాడు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఓడ ఆగడానికి అక్కడ లోతు లేదు, అలల్లో పడవలు తిరగబడతాయి. అయినా డేకి అది నచ్చిందంటే కారణం ఒక్కటే, ఆ పరిసరాల్లో గుడ్డ చవక. ఆ తరువాత కంపెనీ నేతగాళ్ళను తెచ్చి ఊళ్ళు కట్టించింది. తిరువొత్తియూరు దగ్గర గవర్నరు కాలెట్ పేరున కాలడిపేట. 1734లో చింతాద్రిపేట, అంటే చిన్న తరి పేట. తరి అంటే తమిళంలో మగ్గమని మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ స్థలం అంతకుముందు సుంకు రామ చెట్టి అనే తెలుగు వర్తకుడి తోట. అంతకు ముందు తరంలో, 1680లో చనిపోయేదాకా, కంపెనీ సరుకంతా నడిపిన కాశీ వీరన్న కూడా తెలుగువాడే. ఈ వర్తకులు నేతగాళ్ళకు ముందుగా డబ్బిచ్చి, ఆ డబ్బు తీరేదాకా మగ్గాన్ని తమకే కట్టి ఉంచేవారు. మా బ్యాంకుల క్యాష్ క్రెడిట్‌కు అది తాత అనుకోవచ్చు. తేడా ఏమిటంటే అక్కడ తాకట్టు పెట్టింది మనిషిని.

ఇక గుడ్డ సంగతి. పడుగులో రంగు నూలు, పేకలో రంగు నూలు. ఎరుపుకు చిరువేరు, తమిళంలో సాయవేరు. నీలానికి నీలిమందు. మద్రాసు, పులికాటు నుంచి ఉత్తరాన చీరాల, వేటపాలెం దాకా తీరమంతా ఈ గళ్ళ రుమాళ్ళు నేసేవారు. రుమాలంటే జేబుగుడ్డ కాదు, ఒక్కోటి గజం చదరం. ఎనిమిది గజాల తానుగా నేసి, కొన్నచోట కోసుకునేవారు. తరువాతి కాలంలో వర్తకులు దీన్ని రియల్ మద్రాస్ హాండ్కర్చీఫ్ అన్నారు. మద్రాసుకు గవర్నరుగా 1687 నుంచి 1692 దాకా ఉన్న ఎలిహు యేల్ 1718లో అమెరికాలోని ఒక చిన్న కాలేజీకి తొమ్మిది మూటల సరుకు పంపాడు. అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి, కాలేజీకి ఆయన పేరు పెట్టారు. అందరికీ తెలిసిన యేల్ యూనివర్సిటీ అదే. ఆ మూటల్లో మన తీరం నుంచి పోయే రకం బట్టలూ ఉన్నాయి. నేసినవాళ్ళ పేరు మీద ఏమీ లేదు.

గుడ్డ కరీబియన్‌కు ఎలా చేరింది? ఈ భాగం చదివినప్పుడు నాకు మనసు బాగుండలేదు. మన అద్దకం బట్టల ధాటికి తమ మగ్గాలు ఆగుతున్నాయని ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసి వాటిని తమ దేశంలో వాడకుండా ఆపింది. మళ్ళీ ఎగుమతికి మాత్రం అడ్డు పెట్టలేదు. మన తీరం గుడ్డ లండను గిడ్డంగుల్లో దిగి, మళ్ళీ ఓడెక్కి పశ్చిమాఫ్రికాకు పోయేది. అక్కడ దానితో కొన్నది మనుషుల్ని. ఆఫ్రికా తీరంలో బానిసలకు మారుగా ఇచ్చిన సరుకుల్లో అన్నిటికన్నా ఎక్కువ విలువ గలవి బట్టలు, వాటిలో మన దేశపు నూలు బట్టలది పెద్ద వాటా. ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరి నుంచి పంపిన నీలిరంగు గుడ్డకు గినీ అనే పేరు. పేరులోనే అది పోయే చోటు ఉంది. నైజర్ నది ముఖద్వారంలో ఉండే కలబారీ ప్రజలకు ఈ గళ్ళ గుడ్డ ఎంత సొంతమైందంటే, ఇంజిరి అని పిలుచుకుంటూ పురుటికీ చావుకూ అదే తీస్తారు. మిగిలిన మూటలు అట్లాంటిక్ దాటి చెరకు దీవులకు పోయాయి. అక్కడి బానిస స్త్రీలు ఎండకు తలకు చుట్టుకున్నారు. తరువాత తరువాత కట్టులో సొగసు చేరింది. మార్టినీక్‌లో ఎరుపు మీది గళ్ళకు చేత్తో పసుపు రంగు పూసి మెరిపించడం ఒక వృత్తే అయింది. ముడికి ఎన్ని కొసలు పైకి ఉంచారన్నదాన్ని బట్టి ఆ మనిషి మనసు ఖాళీగా ఉందా లేదా చెప్పవచ్చునని మా గైడు నవ్వుతూ చెప్పింది. తమను కొన్న గుడ్డనే తమ కట్టుగా చేసుకున్నారు.

ఫ్రెంచి దీవుల్లో బానిసత్వం ఒకసారి 1794లో పోయి, 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చి, చివరికి 1848లో పూర్తిగా పోయింది. చెరకు కొట్టడానికి మనుషులు కావాలి. గుడ్డ పోయిన దారినే ఇప్పుడు మనుషులు పోయారు. 1853 మే నెలలో ఒరేలీ అనే ఓడ మార్టినీక్ చేరింది. అదే ఓడ 1854 డిసెంబరు 24న మూడు వందల పైచిలుకు మందితో గ్వాడెలూప్ చేరింది. 1861లో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఒప్పందం చేసుకున్నాక బ్రిటిష్ ఇండియా జిల్లాల నుంచి కూడా మనుషుల్ని తీసుకుపోయారు. 1889 దాకా గ్వాడెలూప్‌కు పోయినవాళ్ళు సుమారు 42 వేల మంది. అయిదేళ్ళ ఒప్పందం. గడువు తీరాక తిరుగు ప్రయాణం ఉచితమని కాగితం మీద రాసి ఉంది. నాలుగో వంతు మంది కూడా తిరిగి రాలేదు. ఇంగ్లీషువాళ్ళ గయానాకు 1838 నుంచి 1917 దాకా పోయిన సుమారు రెండు లక్షల నలభై వేల మందిలో మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళు పదిహేను వేల దాకా ఉంటారు. మిగతావారు కల్కత్తా నుంచి పోయారు.

ఎందుకు పోయారని అడగవలసిన పని లేదు. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ ఖాళీ అయింది. 1876-78 ధాత కరువు పేరు మా పల్లెల్లో ఈనాటికీ ఉంది. తాతు వరుస పంజం అని తమిళులు, తాతు కరువని మనవాళ్ళు అంటారు. మా అవ్వ కోపం వస్తే, అన్నం పారేసే పిల్లల్ని ఆ పేరు చెప్పి భయపెట్టేది. మరోపక్క లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి మగ్గాలు ఆపేసింది. ఓడ ఎక్కినవాళ్ళంతా నేతగాళ్ళని నేననను. ఎక్కువమంది పొలం కూలీలే.

వీళ్ళలో తెలుగువాళ్ళు ఎందరు? ఇక్కడే నా వ్యాసానికి అసలు చిక్కు. రేవు లెక్కల్లో రేవు పేరు ఉంటుంది, ఇంట్లో మాట్లాడే భాష ఉండదు. ఫ్రెంచివాళ్ళ యానాం తెలుగు ఊరు. రీయూనియన్ దీవికి 1820ల చివర్న మొదట పోయిన కూలీలు అక్కడివాళ్ళే. వాళ్ళను తెలింగలన్నారు. మద్రాసు నుంచి పోయినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారని అందరూ రాస్తారు, అంతకుమించి రాయరు. గ్వాడెలూప్‌లో రామసామి, మార్టినీక్‌లో వీరసామి ఇప్పటికీ ఇంటిపేర్లు. ఆ మొదటి రామసామి తంజావూరువాడా, నెల్లూరువాడా, మా సూలూరు పక్కన ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బయట తమిళం మాట్లాడే కొంగునాటి కూలీయా? పేరు చెప్పదు. గుమాస్తా రాసుకున్నది ఒక్క పేరు. మన ఇంటిపేరు ముందే ఊడిపోయింది. మనలో ఎంతమంది ఇంటిపేరును స్కూలు రిజిస్టరులో రాయించారో లెక్క చూసుకుంటే, ఆ గుమాస్తాను తిట్టడం ఎంతవరకు న్యాయమో తెలుస్తుంది.

మారిషస్‌లో ఇలా జరగలేదు. అక్కడికి గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి పోయినవాళ్ళు చాలామంది. వాళ్ళను కోరంగివాళ్ళన్నారు. రేవు పేరే అయినా అది తెలుగు రేవు. వేరే గుంపుగా కనిపించారు, గుడులు కట్టుకున్నారు, బడుల్లో తెలుగు చెప్పించుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. కరీబియన్‌కు పోయినవాళ్ళు తక్కువమంది, ఎస్టేటుకు పదిమంది చొప్పున చెదిరిపోయారు. వెనక వచ్చేవాళ్ళూ ఆగిపోయారు. రెండు తరాల్లో తమిళమే పూజ మంత్రమైపోయింది. తెలుగు ఆ మంత్రంలోకి కూడా రాలేదు.

పేరు ఎంత పని చేస్తుందో కాపెస్టెర్‌లోనే ఇంకొక ఉదాహరణ ఉంది. హెన్రీ సిదంబరోం అక్కడ 1863లో పుట్టాడు. పేరు చిదంబరమే. 1904లో ఆయన కూలీల పిల్లలను వోటర్ల జాబితాలో చేర్చడానికి పూనుకున్నాడు. వీళ్ళు ఇంగ్లీషు ప్రజలు, ఫ్రెంచి పౌరులు కారని అధికారులు అన్నారు. ఆ దీవిలోనే పుట్టినవాళ్ళు ఎక్కడి ప్రజలు? కోర్టులోనూ పత్రికల్లోనూ ఆ ప్రశ్న పట్టుకుని 1923 దాకా వదల్లేదు. అప్పుడే వాళ్ళ హక్కు నిలిచింది. ఆయన 1952లో పోయాడు. మా బస్సులో ఈ పేరు తెలిసింది గైడుకు ఒక్కదానికే.

గుడ్డ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. చీరాల మగ్గాల రుమాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో కూడా నైజీరియాకు పోతూనే ఉన్నాయి. 1967-70 అక్కడి అంతర్యుద్ధం, ఆ తరువాతి దిగుమతి ఆంక్షలతో ఆ బేరం చితికింది. అమెరికాలో ఇంకొకటి జరిగింది. 1958లో కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ అమెరికా వర్తకుడొకరికి గజం డాలరు చొప్పున మద్రాసు గుడ్డ అమ్మారు. చన్నీళ్ళలో మెల్లగా ఉతకాలన్న మాట కొన్నవాళ్ళదాకా చేరలేదు. చొక్కాలు ఉతికితే రంగు కారింది, కేసులు పెడతామన్నారు. చివరికి అక్కడి ప్రకటనలవాళ్ళు రంగు కారడమే దాని గొప్ప అని ప్రచారం చేస్తే గుడ్డ ఇంకా ఎక్కువ అమ్ముడుపోయిందని నాయర్‌గారే చెప్పుకునేవారు. మా వైపు రంగు కారడం ఇంకో విధంగా తెలుసు. తిరుప్పూరు సాయపట్టరల నీళ్ళతో నొయ్యల్ నది ఏమైందో, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వాటిని ఎందుకు మూయించిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు.

నేను తెచ్చిన మూడు గజాలను సోమనూరులో మా పాత ఖాతాదారు ఒకాయనకు చూపించాను. ఎనభైకి దగ్గరపడ్డవాడు, చేమగ్గం నుంచి పవర్‌లూమ్‌కు మారిన తరం. అద్దం పెట్టి పోగులు లెక్కపెట్టి, "ఇది మరమగ్గందే అయ్యా, మనవైపు నేత కావచ్చు, కాకపోనూవచ్చు" అన్నాడు. ఈ గుడ్డ తలకు చుట్టుకుంటారంటే నమ్మలేదు. ఫోటో చూపిస్తే చాలాసేపు చూశాడు. "వీళ్ళకు మనమెవరమో తెలుసునా?" అని అడిగాడు. తమిళనాట 2011 జనాభా లెక్కల్లో తెలుగు తల్లిభాషగా రాయించుకున్నవాళ్ళు 42 లక్షల పైచిలుకు. ఆయన తన ఇంట్లో లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ఏం రాయించాడని నేను అడగలేదు. 2006 చట్టం వచ్చాక ఆయన మనవలు బడిలో తెలుగు అక్షరం చూసి ఎరగరని ఆయనే చెప్పాడు.

పాఠకులకు ఒక మనవి. సూలూరు, పల్లడం, మధుర, దిండుగల్లు వైపు మన ఇళ్ళల్లో ఎవరికైనా పూర్వం ఓడెక్కి తీవుకు పోయి రాని తాతముత్తాతల మాట వినబడి ఉంటే, ఆ మనిషి పేరు, ఊరు, చెప్పినవాళ్ళు ఎవరో రాసి పత్రిక చిరునామాకు పంపండి. మగ్గం ఉన్న ఇళ్ళవారు ఈ పెద్ద గళ్ళ రుమాలు తానును ఇంట్లో ఏమని పిలిచేవారో అది కూడా రాయండి. మద్రాసు అనేది కొన్నవాళ్ళు పెట్టిన పేరు. నేసినవాళ్ళ పేరు ఇంకా నాకు దొరకలేదు.